టైమర్ అన్నయ్య ట్యూబు

పద్నాలుగో భాగం

శనివారం పొద్దున పదిన్నర. ల్యాబులో నేనొక్కదాన్నే. నా డ్రాయరులో, చేతి తొడుగుల పెట్టె కింద ఒక కాగితం. ఆ కాగితం ఎవరి గురించో ఆ మనిషే మెట్లెక్కి వస్తున్న చప్పుడు. కిందటి వారం మిమ్మల్ని సరిగ్గా అక్కడ నిలబెట్టి నా దారిన నేను పోయాను. నామీద కోపం వచ్చే ఉంటుంది, రావాల్సిందే.

కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. మేం పనిచేసేది ఒక ప్రొటీను మీద. దానికి ఒక పొడవాటి తోక. ఆ తోక మీద ఐదు చోట్ల కణం ఫాస్ఫేటు అనే చిన్న ముక్కని అతికిస్తుంది, పనయ్యాక పీకేస్తుంది. అతికించినప్పుడు ఆ ప్రొటీను వెళ్ళి ఒక జన్యువుని చదివిస్తుంది. అతికించకపోతే జన్యువు మూగగా పడుంటుంది. జన్యువు చదవబడుతోందో లేదో తెలియడానికి మేం చేసుకున్న ఏర్పాటు ఏంటంటే, అది నడుస్తున్నంతసేపూ కణాలు వెలుగుతాయి, ఆ వెలుగెంతో మెషీను అంకెల్లో చెబుతుంది. ఇంతే. ఈ ఐదు చోట్ల కోసం నా ఐదేళ్ళు పోయాయి.

నాకంటే ముందు ఇదే బల్ల దగ్గర పీహెచ్‌డీ చేసిన అన్నయ్య ఒకరున్నారు. మెడలో ఎప్పుడూ టైమరు వేలాడేసుకుని తిరిగేవారు కాబట్టి అందరికీ టైమర్ అన్నయ్య. ఆరేళ్ళ కిందట ఆయన పేపరు రాశారు. ఐదింట్లో మూడో చోటు ఒక్కటే ముఖ్యం, దాన్ని ఫాస్ఫేటు అతకకుండా మూసేస్తే చాలు జన్యువు ఆగిపోతుంది అని. నేను అదే మూడో చోటుని మూసేసి పదకొండుసార్లు చూశాను. జన్యువు చీకూ చింతా లేకుండా నడుస్తూనే ఉంది.

పదకొండోసారి తర్వాత నాకు పిచ్చెక్కి, ఎవరికీ చెప్పకుండా ఫ్రీజరులోంచి అన్నయ్య పాత ట్యూబు తీసి, అందులోని డీఎన్ఏని, అంటే ఆ ప్రొటీను ఎలా తయారవ్వాలో రాసి ఉన్న చీటీని, ఈ చివరినుంచి ఆ చివరిదాకా చదివించడానికి పంపాను. కాగితం వచ్చింది. ఆయన ట్యూబులో మూసి ఉన్నది మూడో చోటు ఒక్కటే కాదు. మొదటిదీ, ఐదోదీ కూడా మూసి ఉన్నాయి. అంటే ఒక చోటు గురించి రాసిన పేపరంతా నిజానికి మూడు చోట్లు మూసిన ట్యూబుతో చేసిన పని.

ఆ కాగితం వచ్చి పందొమ్మిది రోజులైంది.

వచ్చిన రోజే ఫోన్ చేయాల్సింది. చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ ఆయన పేరు చూడగానే వేలు కదలదు. పాప కడుపులో ఉన్నప్పుడు ఏడో నెలలో డాక్టరు నన్ను నిలబడొద్దంది. కణాలకి రెండ్రోజులకోసారి తిండి మార్చకపోతే చచ్చూరుకుంటాయి, వాటికి నా కడుపుతో పనేముంది. అప్పటికే అన్నయ్య ఇక్కడ చదువు ముగించి వేరే చోట పాఠాలు చెబుతున్నారు. మామూలు రోజుల్లో ల్యాబులో ఎవరో ఒకరు చూసేవాళ్ళు గానీ ఆదివారం ఎవరూ ఉండరు. ఆయన ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి వచ్చి, నా కణాలకి తిండి పెట్టి, పుస్తకంలో నా తరఫున రాసి, మళ్ళీ రెండు బస్సులు మారి వెళ్ళేవారు. తొమ్మిది ఆదివారాలు. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఆ మాటెత్తలేదు. పిపెట్ పట్టుకోవడం నేర్పింది ఆయన. తప్పు రాస్తే గీత కొట్టాలి గానీ చెరపకూడదని నేర్పింది ఆయన. అలాంటి మనిషికి ఫోన్ చేసి మీ పేపరు తప్పని ఏ నోటితో చెప్పను?

రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగా పన్నెండో రోజున ఆయనే ఫోన్ చేశారు. నాలుగేళ్ళుగా ఏడాదికేడాది పొడిగింపు మీద నెట్టుకొస్తున్న ఉద్యోగానికి ఇప్పుడు పర్మనెంటు పోస్టు పడిందట. దరఖాస్తు ఇచ్చేశారట. నా పేపర్లలో తప్పున్నట్టు నాకు తెలియదు అని ఒక పేజీ కింద సంతకం కూడా పెట్టారట. వచ్చే బుధవారం ఇంటర్వ్యూ. "ఇన్నాళ్ళకి ఒక కుర్చీ నాదయ్యేట్టుందమ్మా" అన్నారు నవ్వుతూ. నేను "చాలా సంతోషం అన్నయ్యా" అన్నాను. నా నోరు పడిపోను.

ఇక దాచడానికి వీల్లేకుండా చేసింది మా ల్యాబు నడిపే మేడం. ఈ బుధవారం నా పట్టికలు ముందేసుకుని, "నీ లెక్కా అతని లెక్కా రెండూ నిజం కావడానికి లేదు. శనివారం అతన్ని రమ్మన్నాను. ఇద్దరూ కూర్చుని తేల్చండి" అంది. మూడు రాత్రులు నేను నిద్రపోలేదని మా అత్తయ్యకి తెలుసు, ఆవిడకి తెలియనిదేముంది. పొద్దున పాపకి జడ వేస్తూ, నావైపు చూడకుండానే, "ఆ చెప్పేదేదో వెళ్ళి చెప్పేసిరా. మోసుకు తిరిగితే బరువు తగ్గదు. పిల్లని నేను చూసుకుంటాలే" అంది. సంగతేంటని అడగనుకూడా లేదు. ఇలాంటి ఇంట్లో పడినందుకు నేను ఎవరికి దణ్ణం పెట్టాలో నాకు తెలియదు.

అన్నయ్య లోపలికొచ్చారు. సంచి కింద పెట్టి, అలవాటు ప్రకారం ముందు సింకు దగ్గరికెళ్ళి చేతులు కడుక్కున్నారు. కాస్త చిక్కారు. టైమరు ఇప్పుడు మెడలో లేదు, చొక్కా జేబులోంచి తాడు కనబడుతోంది.

"పాప ఎలా ఉంది?"

"బావుందన్నయ్యా. ప్రతిదానికీ ఎందుకు అంటోంది."

"అననియ్యి. పెద్దయ్యాక జనం ఎలాగూ మాన్పించేస్తారు." చక్రం ఊడిన స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆ స్టూలు మీద ఎలా కూర్చుంటే ఒరగదో ఈ ల్యాబు మొత్తంలో ఆయనకొక్కరికే తెలుసు. "ఊఁ, చూపించు."

కాగితం ముందు తీయాలి కదా. తీయలేదు. పిరికిదాన్ని, నా పట్టికలు తీసి పరిచాను. ఆయన ఒక్కో పేజీ తిప్పుతూ, అంకెల పక్కన వేలు పెట్టి, పదకొండుసార్లకీ పదకొండు తేదీలు చదివారు. పది నిమిషాలు పట్టింది.

"నీ చెయ్యి నాకు తెలుసు" అన్నారు చివరికి. "పదకొండుసార్లు ఒకేలా వచ్చిందంటే నీ లెక్క తప్పు కాదు. నా దాంట్లోనే ఏదో ఉంది. నా ట్యూబు ఇంకా ఫ్రీజరులో ఉంటే మొత్తం చదివించు. అప్పట్లో నేను మధ్యముక్క ఒక్కటే చదివించాను, మూడో చోటు చుట్టుపక్కల. రెండు చివరలూ వదిలేశాను. బద్ధకం."

ఎవరి మీదైనా అరుస్తారేమో, పేపరుని పట్టుకు వేలాడతారేమో, మేడాన్ని తిడతారేమో అని నేను మూడు రాత్రులు రకరకాలుగా ఊహించుకున్నాను. ఇది మాత్రం ఊహించలేదు. కళ్ళు మండాయి. డ్రాయరు లాగి, తొడుగుల పెట్టె కిందనుంచి కాగితం తీసి ఆయన ముందు పెట్టాను.

"చదివించానన్నయ్యా."

జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. కాగితం మీద వరసగా అక్షరాలు, వాటి మీద రంగురంగుల కొండలు. మామూలువాళ్ళకి అది పిల్లలు గీసిన బొమ్మలా ఉంటుంది. ఆయన ఒక్కో కొండా దాటుకుంటూ వెళ్ళారు. మొదటి చోటు దగ్గర వేలు ఆగింది. తర్వాత మూడో చోటు దగ్గర తల ఊపారు. ఐదో చోటు దగ్గర వేలు చాలాసేపు కదల్లేదు. ఫ్రీజరు మోటారు ఆగి మళ్ళీ మొదలైంది.

"మూడు" అన్నారు.

"ఊఁ."

"మూడు మూసేసి ఒకటి మూశానని రాశాను." కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. మళ్ళీ పెట్టుకోలేదు. "మొన్న మేడం అడగ్గానే పంపించేశావన్నమాట. వెంటనే చెప్పావు. థాంక్స్ అమ్మా. ఇంకొకరైతే ఇంటర్వ్యూ దాటాక చెబుదాంలే అనుకునేవాళ్ళు."

నేలలోకి దిగిపోయినా బాగుండేది. "అన్నయ్యా, అది..." అని మొదలుపెట్టాను. అప్పుడే తలుపు కాలితో తోసుకుంటూ పెద్దమ్మ వచ్చింది, రెండు చేతుల్లో ఐసు బకెట్టుతో.

పెద్దమ్మ మా ల్యాబు అటెండరు. ముప్పై ఏళ్ళుగా ఫ్రీజర్ల తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. ఈ నెలాఖరుకి రిటైరవుతోంది. మా చదువులు ఆవిడకి అక్కర్లేదు గానీ ఏ ట్యూబు ఏ అరలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అన్నయ్యని చూడగానే మొహం విప్పారింది. బల్ల మీద కాగితం చూసి, మా మొహాలు చూసి, బకెట్టు దించేసింది.

"ఏంటి బాబూ, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?"

"ఒంట్లో బానే ఉంది పెద్దమ్మా. నా పాత ట్యూబులో బాగాలేదు. నేను మొదలుపెట్టినప్పుడు నాకు ఏ మార్పూ లేని అసలు ట్యూబు కావాలని అడిగాను, గుర్తుందా? దాని మీదే మూడో చోటు మూశాను. తీరా చూస్తే ఆ అసలు ట్యూబులోనే అంతకుముందు ఎవరో రెండు చోట్లు మూసి పెట్టారు."

పెద్దమ్మ చీరకొంగు తీసి చేతులు తుడుచుకుంది. తడి ఎప్పుడో ఆరిపోయింది, ఇంకా తుడుచుకుంటూనే ఉంది.

"అది నువ్వు చేరిన ఏడాదే" అంది. "ఎండాకాలంలో రెండ్రోజులు కరెంటు పోయి పెద్ద ఫ్రీజరు కరిగిపోయింది. ట్యూబులన్నీ నీళ్ళలో తేలాయి. బూజు పడుతుందేమోనని ఒక్కొక్కటే స్పిరిట్ గుడ్డతో తుడిచాను. తుడిచాక చూసుకుంటే స్కెచ్ పెన్నుతో రాసిన పేర్లు కూడా గుడ్డకొచ్చేశాయి. నలభై ట్యూబులు. ఏది ఎక్కడుందో నాకు తెలుసుగా అని గుర్తున్నట్టు మళ్ళీ పేర్లు రాసేశాను. ముప్పై తొమ్మిదింటికి ఖాయంగా తెలుసు. ఒకదాని దగ్గర మాత్రం కాస్త ఆలోచించాను బాబూ. ఆలోచించి, రాసేశాను."

స్పిరిట్‌తో తుడిస్తే పెన్ను సిరా పోతుందని మాకు మొదటి రోజే చెబుతారు. చెప్పేది పెద్దమ్మే. ఆ మాట ఎందుకంత గట్టిగా చెబుతుందో ఇప్పుడు తెలిసింది.

ఆవిడ కళ్ళు నిండిపోయాయి. "నీ ఉద్యోగానికి అడ్డమవుతుందా?" అని అడిగింది. నా గొంతులోనూ అదే ప్రశ్న ఉంది.

అన్నయ్య లేచి వెళ్ళి ఆవిడ చేతిలోంచి కొంగు విడిపించారు. "నువ్వు రాసిన పేరు నేను నమ్మాను. చూసుకోవాల్సింది నేను. రెండు చివరలూ చదివించడానికి ఇంకో పూట పట్టేది, అంతే. ఈ ల్యాబులో నేను ఆకలితో ఉన్న రోజులన్నీ నీకు తెలుసు, నీ డబ్బాలో సగం నాదే. ఒక్క పేరు తప్పు రాసినందుకు నీ మీద కోపం తెచ్చుకోవడానికి నాకు సిగ్గుండక్కర్లా?"

పెద్దమ్మ ముక్కు తుడుచుకుని కూర్చుంది. కాసేపటికి ఆవిడే, "ముప్పై ఏళ్ళుగా మోస్తున్నాను మీ ట్యూబుల్ని. వెళ్ళిపోయే ముందైనా చెప్పండి, అసలు మీ ఇద్దరి తగువూ దేనికి?" అంది.

"నువ్వు చెప్పు" అన్నారు అన్నయ్య నాతో. "నాకు చెప్పినట్టు కాదు, ఇంట్లో చెప్పినట్టు."

ఇంట్లో అనగానే మా మామయ్య గుర్తొచ్చారు. ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపిన మనిషి. మోకాలు నొప్పి, డాక్టరు దగ్గరికి వెళ్ళరు. "పెద్దమ్మా, మా మామయ్యకి చెప్పేవాళ్ళం ఐదుగురం. అత్తయ్య, మా ఆయన, పాప, నేను, పక్కింటి మాస్టారు. ఐదుగురం పోరితే వెళ్తారు. ఒకరు ఊళ్ళో లేకపోయినా మిగతా నలుగురి పోరు పడలేక వెళ్తారు. ఇద్దరం నోరు మూసుకుంటే సణుగుతారు, రేపంటారు, చివరికి కాళ్ళీడ్చుకుంటూ వెళ్తారు. ఎవరు చెప్పారన్నది ఆయనకి పట్టదు, ఎంతమంది అన్నదే. ఆ తోక మీద ఐదు ఫాస్ఫేట్లూ అంతే అని నా లెక్క."

"అయితే ఆ ప్రొటీను మగదే" అంది పెద్దమ్మ. ఏడుస్తున్న మనిషి అంత మామూలుగా అనేసరికి నాకు నవ్వాగలేదు.

అన్నయ్య నవ్వలేదు. ఆయన నా పట్టిక వైపు చూస్తున్నారు. "ముగ్గురు నోరు మూసుకుంటే?"

"తెలియదన్నయ్యా. ఒకటి మూసినవి ఐదూ చేశాను, వెలుగు నూటికి తొంభై ఐదుకి తగ్గదు. రెండేసి మూసినవి చేశాను, అరవై దగ్గర ఆడుతున్నాయి. ఐదూ మూస్తే రెండు. మూడు మూసిన ట్యూబు మాత్రం నాలుగు నెలలుగా తయారుకావట్లేదు, చేసిన ప్రతిసారీ ఏదో ఒకటి చెడుతోంది. ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం ఇది వట్టి ఊహేనంటుంది మేడం."

"ఖాళీగా ఉందా?" అన్నారు అన్నయ్య. కాగితం తీసి ఆ ఖాళీ గడి పక్కన పెట్టారు. "మరి ఇదేంటి?"

నేను చూశాను. ఒకటి, మూడు, ఐదు. మూడు చోట్లు మూసి, చివరిదాకా చదివించి, నా సొంత డ్రాయరులో, నా తొడుగుల పెట్టె కింద పందొమ్మిది రోజులు. ఎంత భయపడి చచ్చానంటే ఆ కాగితంలో ఆయన తప్పు తప్ప నాకేదీ కనబడలేదు.

"మీ పేపరులో ఆ అంకెంత?" అని అడిగాను.

"నూటికి నాలుగు." అన్నయ్య పెన్సిలు తీసుకుని ఖాళీ గడిలో సన్నగా నాలుగు వేశారు. తొంభై ఐదు, అరవై, నాలుగు, రెండు. "ముగ్గురు ఊరుకున్నారు, మీ మామగారు కుర్చీలోంచి లేవలేదు. నేనేం రాశాను? మీ పాప ఒక్కత్తే చెబితేనే వెళ్తారని రాశాను. ఆ రోజు పాపతో పాటు మీ అత్తగారూ, మాస్టారూ కూడా ఊళ్ళో లేరన్న సంగతి నాకు తెలియలేదు. నా అంకె తప్పు కాదు, నేను చెప్పిన అర్థం తప్పు." పెన్సిలు కింద పెట్టారు. "అయితే ఈ నాలుగుని పెన్సిలుతోనే ఉంచు. ఇదే ట్యూబుతో, నీ కణాల్లో, నీ చేత్తో కొత్తగా మూడుసార్లు చెయ్యి. అప్పుడు ఇంకు పెట్టుకో. అప్పుడది నీది."

తన పేపరు కూలిపోతున్న పూట, దాని ఇటుక ఒకటి తీసి నా గోడకి సరిగ్గా అమర్చి, అంచులు కూడా చూసి వెళ్ళే మనిషి ఎవరుంటారు? నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా ఏడ్చాను. పెద్దమ్మ నాకు టిష్యూలు అందించింది, తనకీ రెండు తీసుకుంది.

అన్నయ్య ఫోను తీశారు.

"ఎవరికన్నయ్యా?"

"కమిటీ ఛైర్మన్ గారికి. పోయిన శనివారం ఆ పేజీ కింద సంతకం పెట్టాను కదా. తప్పున్నట్టు తెలియదని. ఇప్పుడు తెలిసింది."

"బుధవారం ఎలాగూ వెళ్తారుగా. అక్కడ నెమ్మదిగా చెప్పొచ్చు. కనీసం ఈ ఒక్కరోజు..." నేనేం మాట్లాడుతున్నానో నాకే తెలియడం లేదు.

"తెలిసిన రోజే చెప్పాలమ్మా. నువ్వు చేసింది అదేగా."

చెప్పెయ్, చెప్పెయ్ అని లోపల అత్తయ్య గొంతు. "అన్నయ్యా, ఒక్క నిమిషం, ముందు నా మాట వినండి" అన్నాను. అప్పటికే అవతల ఫోను ఎత్తారు. ఆయన నాకు చేత్తో ఆగమని సైగ చేసి, మేం కూడా వినాలని స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచారు.

అన్నయ్య నాలుగు మాటల్లో చెప్పేశారు. ట్యూబు, మూడు చోట్లు, పేపరుకి దిద్దుబాటు పంపుతాననీ, దరఖాస్తులో ఆ పేపరుని పక్కన పెట్టి చూడమనీ. ఎవరి పేరూ తీయలేదు. పేర్లు తుడిచిన సంగతి ఎత్తనే లేదు. పెద్దమ్మ టిష్యూ నోటికి అడ్డం పెట్టుకుంది.

అవతల ఛైర్మన్ గారిది వయసు మళ్ళిన గొంతు, తొందరలేదు. "ఇది ఇలా ఫోన్ చేసి చెప్పినవాళ్ళు నా సర్వీసులో ఇద్దరో ముగ్గురో. బాగుందయ్యా. ఒక్కటి మాత్రం అడగాలి. నువ్వు సంతకం పెట్టింది పోయిన శనివారం. మీ పాత ల్యాబులో ఈ సంగతి బయటపడింది ఎప్పుడు?"

"ఈ వారమేనండి. బుధవారం తర్వాత. కనిపెట్టిన అమ్మాయి ఇక్కడే ఉంది, ఇవాళే నాకు చెప్పింది."

"ఆ అమ్మాయిని చెప్పమను. తేదీ కావాలి. రేపు కమిటీలో ఎవరైనా అడిగితే నేను చెప్పగలగాలి."

అన్నయ్య ఫోను నావైపు జరిపారు. మొహంలో ఎంత నమ్మకమో. ఈ వారంలో ఏదో ఒక రోజు పేరు చెబితే చాలు. గురువారం అంటే చాలు. ఆయనకి పోస్టు, నాకు గౌరవం, అందరూ క్షేమం. రేపు ఎవరైనా ఆ కాగితం వచ్చిన మెయిలు తెరిచి చూసేదాకా. చూశాక మాత్రం, తెలిసే సంతకం పెట్టాడు, చెల్లెల్లాంటి పిల్లతో అబద్ధం ఆడించాడు అంటారు.

"పందొమ్మిది రోజులైందండి" అన్నాను. "సంతకానికి ముందే. అన్నయ్యకి తెలియదు. నేనే దాచాను. దీంట్లో ఆయన తప్పు ఇసుమంత కూడా లేదు."

అవతల కాగితం మీద ఏదో రాసుకుంటున్న చప్పుడు వచ్చింది.

"ఆయనకి తెలియదని మీరంటున్నారు" అంది ఆ గొంతు, ఇందాకటి మెత్తదనం లేకుండా. "ఆ మాట మీరు కాకుండా ఇంకెవరైనా చెప్పగలరా?"

నేను పెద్దమ్మ వైపు చూశాను. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది.

"సరే. బుధవారం పదింటికి ఇద్దరూ రండి. విడివిడిగా మాట్లాడతాం." ఫోను ఆగిపోయింది.

అన్నయ్య దాన్ని తీసుకోలేదు. స్టూలు మీదినుంచి లేచి, సింకు దగ్గరికెళ్ళి, అప్పటికే శుభ్రంగా ఉన్న చేతుల్ని మళ్ళీ కడుక్కున్నారు. కుళాయి కట్టేసి, నావైపు తిరక్కుండానే అడిగారు.

"పందొమ్మిది రోజులా అమ్మా?"